మొక్కజొన్న నిల్వ ఎలా చేయాలి: గాలి ఆడే గాదె నుంచి గాలి చొరని సంచి దాకా

గాదె మంచిదా, సంచి మంచిదా, డ్రమ్ము మంచిదా? మొక్కజొన్న నిల్వ గురించి మాట మొదలైతే ముందు వచ్చే ప్రశ్న ఇదే. గింజలో తేమ ఎంతుందో, ఎన్ని నెలలు ఉంచాలనుకుంటున్నారో తెలియకుండా దీనికి ఎవరు జవాబు చెప్పినా అది గాల్లో రాయి విసరడమే. కాబట్టి పాత్ర సంగతి కాసేపు పక్కన పెట్టండి. అంతకన్నా ముందు చేయాల్సిన పనులు మూడున్నాయి.

ఒక్క మాట మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకోండి. నిల్వకు పనికొచ్చే పద్ధతులు రెండే రెండు దారుల్లో నడుస్తాయి. ఒకదానిలో గాలి ధారాళంగా ఆడుతూనే ఉండాలి. రెండోదానిలో గాలి బొత్తిగా ఆడకూడదు. తడి ఉన్న పంటకు మొదటి దారి, బాగా ఎండిన పంటకు రెండోది. కొంచెం గాలి, కొంచెం మూత అన్నట్టుండే మధ్యస్థం దగ్గరే పంట పాడవుతుంది. చాలామంది ఇళ్లలో ఉండేది సరిగ్గా అదే.

మొదటి పని: ఎంత, ఎన్నాళ్లు, దేనికి

కాగితం మీద మూడు గీతలు గీసి రాసుకోండి. తిండికి ఎంత, పశువుల మేతకు ఎంత, విత్తనానికి ఎంత. అమ్మేది ఉంటే ఏ నెలలో అమ్ముతారో కూడా రాయండి. రెండు నెలల్లో ఖాళీ అయ్యే సరుకుకు ఖరీదైన ఏర్పాటు అక్కర్లేదు. గింజను తొలిచి తినే ముక్కు పురుగు గుడ్డు నుంచి తిరిగి పురుగుగా మారడానికి 27 డిగ్రీల వేడి, 70 శాతం గాలి తేమ దగ్గర దాదాపు ఐదు వారాలు పడుతుంది. అంటే రెండు నెలల్లో ఒక తరం, మహా అయితే రెండు తరాలు. నాలుగో నెలకు వచ్చేసరికి సంఖ్య చేయి దాటిపోతుంది. నష్టం నెలనెలా సమానంగా పెరగదు. మొదట కనబడనే కనబడదు, తర్వాత ఒక్కసారిగా బయటపడుతుంది.

చోటు లెక్క కూడా ఇప్పుడే వేయాలి. ఒలిచిన గింజ ఒక టన్నుకు సుమారు 1.4 ఘనపు మీటర్ల చోటు చాలు. అదే గింజను కంకుల్లో ఉంచితే దాదాపు రెట్టింపు, అంటే 2.8 ఘనపు మీటర్ల దాకా కావాలి. పైపొరలు తీసిన కంకి బరువులో గింజ సుమారు 80 శాతం, మిగతాది బెండు. బెండును కూడా కాపలా కాయాల్సి వస్తుందన్నమాట. చోటు తక్కువున్నవాళ్లకు నిర్ణయం ఇక్కడే సగం తేలిపోతుంది.

రెండో పని: కోత, ఏరివేత

గింజను బెండు నుంచి ఊడదీసి కింది మొనను గోటితో గీకి చూడండి. నల్లటి పొర కనిపిస్తే గింజ ముదిరినట్టే, ఇక బరువు పెరగదు. ఆ సమయంలో తేమ 30 నుంచి 35 శాతం మధ్య ఉంటుంది. అక్కడి నుంచి చేలోనే ఆరనివ్వచ్చు, కోసి తెచ్చి ఆరబెట్టచ్చు. చేలో ఆరడానికి ఖర్చు లేదు గానీ పురుగు అక్కడే ఎక్కుతుంది. ముక్కు పురుగులూ, వడ్ల చిలుకలు అనే చిన్న రెక్కల పురుగులూ ఎగురుకుంటూ వచ్చి నిలబడి ఉన్న పంట మీదే గుడ్లు పెడతాయి. తల్లి ముక్కు పురుగు గింజకు రంధ్రం తొలిచి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పైకి గింజ శుభ్రంగానే కనబడుతుంది. "కొత్త సంచిలో కొత్త గింజ పోశాను, పురుగు ఎక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. అది మీతోపాటే ఇంటికి వచ్చింది.

కోసిన కంకిని నేల మీద పడేయకండి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మట్టిలోనే బతుకుతుంది. పట్టా మీద పోయండి, లేదా నేరుగా బుట్టలోకి వేయండి.

తర్వాత కంకుల్ని మూడు కుప్పలు చేయండి. కొన దాకా పైపొరలు గట్టిగా మూసి ఉన్నవి ఒక కుప్ప. కొన తెరుచుకున్నవి, పక్షులు పొడిచినవి, పురుగు తొలిచినవి రెండో కుప్ప. బూజు పట్టినవి మూడో కుప్ప. నిల్వకు మొదటి కుప్పే వెళ్లాలి. రెండోది ముందు వాడేయాలి. మూడోది దూరంగా పారేయాలి, పశువులకు కూడా పెట్టకూడదు. ఈ ఏరివేతకు ఒక పూట పడుతుంది. నిల్వలో మీరు పెట్టే ఏ పెట్టుబడికీ ఇంత ఫలితం రాదని నా అభిప్రాయం. పైగా దీనికి డబ్బు ఖర్చే లేదు.

మూడో పని: తేమ కొలవండి

ఇక్కడ నిదానంగా చదవండి. మిగతా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

గింజను మూసి నిల్వ చేయాలంటే తేమ 13 శాతం, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఎందుకంటే 13 శాతం తేమ ఉన్న గింజల మధ్య గాలిలో తేమ సుమారు 65 శాతం దగ్గర నిలుస్తుంది. అది 70 దాటితే బూజుకు ప్రాణం వస్తుంది. చేత్తో పట్టుకుంటే 13 శాతం గింజకూ 16 శాతం గింజకూ తేడా తెలియదు. పంటితో కొరికి "టప్పుమంది, ఎండింది" అనే అలవాటు చాలామందికి ఉంది. అనుభవం ఉన్న పళ్లు కూడా రెండు మూడు శాతం అటూఇటూ చెబుతాయి. ఆ రెండు మూడు శాతంలోనే పంట బతుకుతుంది, లేదా పోతుంది.

తేమ మీటరు ఉంటే సరే. లేకపోతే ఉప్పు సీసా పరీక్ష చేయండి:

1. మూత ఉన్న గాజు సీసా తీసుకోండి. లోపల ఒక్క చుక్క తడి కూడా ఉండకూడదు.
2. ఉప్పును ఎండలో గానీ పెనం మీద గానీ గలగలలాడేలా వేడి చేసి చల్లారనివ్వండి.
3. సీసాలో మూడో వంతు గింజ పోసి, రెండు మూడు చెంచాల ఉప్పు వేయండి.
4. మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి. తర్వాత పావుగంట కదపకుండా ఉంచండి.
5. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం కన్నా ఎక్కువ. అంటుకోకుండా అడుక్కి జారిపోతే 15 కన్నా తక్కువ.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ పరీక్ష చెప్పేది 15 గురించి, మీకు కావాల్సింది 13. ఉప్పు అంటుకోలేదని సంబరపడి అదే సాయంత్రం డ్రమ్ములో పోసి మూసేస్తే దెబ్బ తింటారు. నేను తిన్నాను. నెలన్నర తర్వాత మూత తీస్తే పులిసిన వాసన కొట్టింది. పరీక్ష నెగ్గిన తర్వాత మంచి ఎండలో ఇంకో రోజో రెండు రోజులో ఆరనివ్వండి. ఒకే చోట నుంచి కాకుండా కుప్ప పైన, మధ్య, అడుగు నుంచి తీసిన గింజలతో మూడుసార్లు పరీక్ష చేయండి.

ఆరబెట్టేటప్పుడు పట్టా మీద గింజ మందం 5 సెంటీమీటర్లు దాటకూడదు. గంటకోసారి కలియబెట్టండి. సాయంత్రం మంచు పడకముందే కప్పేయండి. సంచిలో పోసే రోజున వేడి గింజను అలాగే ఎత్తకండి, నీడలో చల్లారనివ్వండి. వేడి మీద మూసిన గింజకు చెమట పట్టి, మూత కిందే తడి చేరుతుంది. విత్తనం కోసమైతే యంత్రంతో ఆరబెట్టినా 43 డిగ్రీలు దాటనివ్వకండి, మొలక చచ్చిపోతుంది. పేలాల రకం పండించేవాళ్లు మాత్రం అతిగా ఎండబెట్టకండి. 13, 14 శాతం మధ్య తేమ ఉంటేనే గింజ పేలుతుంది. లోపలి నీరు ఆవిరై పగలగొడితేనే కదా పేలం!

తూకం తగ్గిందని కంగారు పడకండి. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల గింజ 13 శాతానికి ఆరేసరికి 92 కిలోలు అవుతుంది. పోయిన 8 కిలోలూ నీళ్లే. నిల్వ నష్టాన్ని లెక్కేయాలంటే ఆరిన తర్వాతి తూకం నుంచే మొదలుపెట్టాలి.

నాలుగో పని: ఇప్పుడు పద్ధతిని ఎంచుకోండి

గాలి ఆడే గాదె

కోత సమయానికి ఆకాశం మబ్బుగా ఉండి, కంకుల్లో తేమ ఇంకా 25, 30 శాతం ఉంటే వేరే దారి వెతకకండి. ఇదే మీ దారి. పక్కలు తెరిపిగా ఉండే సన్నటి, పొడవాటి గాదెలో పైపొరలు తీసేసిన కంకుల్ని పోస్తే గాలే ఆరబెడుతుంది. ఎక్కువ సరుకును ఆరబెట్టడం, దాచడం రెండూ ఒకే చోట జరిగిపోయే పద్ధతి ఇదొక్కటే.

గాదె జయాపజయాలు దాని వెడల్పులో ఉన్నాయి. తేమ ఎక్కువుండే చోట వెడల్పు 60 సెంటీమీటర్లు దాటకూడదు. పొడి వాతావరణంలో, కొంత ఆరిన కంకులకైతే మీటరు నుంచి మీటరున్నర దాకా పోవచ్చు. "ఎలాగూ కడుతున్నాం, ఇంకో అడుగు వెడల్పు పెడదాం" అన్న ఆలోచనే చాలా గాదెల్ని ముంచింది. ఎక్కువ సరుకు పట్టాలంటే పొడవు పెంచండి. 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు, మూడున్నర మీటర్ల పొడవున్న గాదెలో దాదాపు 1.4 టన్నుల కంకులు పడతాయి, అంటే సుమారు 1.1 టన్నుల గింజ.

పొడవు వైపు గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా ఉండాలి. గోడల్లో సగానికి దగ్గరగా ఖాళీ ఉండాలి. వెదురు బద్దలైనా, కట్టెలైనా, తీగ జాలీ అయినా ఫర్వాలేదు. కప్పు చూరు బాగా బయటికి రావాలి. నేల నుంచి మీటరు ఎత్తున, గుంజల మీద నిలబెట్టండి. ప్రతి గుంజకూ గొడుగులా రేకు తొడగండి, ఎలుక ఎక్కి వచ్చి ఆ రేకు కింద ఆగిపోతుంది. పక్కన చెట్టు కొమ్మో, నిచ్చెనో, కట్టెల మోపో ఆనించి పెడితే ఇన్ని రేకులూ వృథా. పెద్ద ఎలుక నిలువుగా ముప్పావు మీటరు పైనే ఎగరగలదు. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు.

పైపొరలు ఉంచాలా, తీయాలా అన్నది పాత తగాదా. గట్టి పైపొర పురుగును కొంత అడ్డుకుంటుంది గానీ తడిని కూడా పట్టి ఉంచుతుంది. గాలితో ఆరబెట్టే గాదెలో అయితే తీసేయండి. కంకులు ముందే ఎండిపోయి, పొరలు బిగుతుగా ఉన్న రకమైతే ఉంచుకోవచ్చు.

గాదె బలహీనత పురుగు. గాలి పోయే దారిలో పురుగూ పోతుంది. వడ్ల చిలుక ఒలిచిన గింజ కుప్పలో పై పొర దాటి లోపలికి దిగలేదు. కంకుల మధ్య సందులున్న గాదెలో మాత్రం ఎంత లోతుకైనా పోతుంది. ప్రోస్టెఫానస్ అనే తొలుచు పురుగు ఉన్న చోట్ల పరిస్థితి మరీ ఘోరం. మధ్య అమెరికాలో పుట్టిన ఆ పురుగు 1970ల చివర టాంజానియాకు చేరి, అక్కడి నుంచి ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది. గింజ బెండుకు అంటి కదలకుండా ఉంటే దానికి తొలవడం తేలిక. ఒలిచిన వదులు గింజలో అంత చురుగ్గా పెరగదు. అందుకే గాదెను ఏడాది పొడుగు నిల్వ అనుకోకండి. కంకులు 13, 14 శాతానికి ఆరే దాకా ఉంచి, తర్వాత ఒలిచి మూసేసే చోటికి మార్చండి. ఆరడానికి వాతావరణాన్ని బట్టి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది.

పొయ్యి మీద వేలాడదీయడం

పైపొరల్నే జడలా అల్లి, పొగ తగిలే చోట కంకుల్ని వేలాడదీయడం విత్తనానికి, కొద్దిపాటి సరుకుకు బాగానే పనిచేస్తుంది. వెచ్చదనం ఆరబెడుతుంది, పొగకు పురుగు దూరంగా ఉంటుంది. వంద, రెండొందల కంకులు దాటితే కుదరదు. నిప్పు ప్రమాదం మరచిపోకండి.

మామూలు సంచులు

ఎక్కువమంది వాడేవి, నేను అన్నింటికన్నా తక్కువ నమ్మేవి ఇవే. ముందు చెప్పిన మధ్యస్థం అంటే ఇదే. తడి గింజ ఆరేంత గాలి గోనె సంచిలో ఆడదు, పురుగు చచ్చేంత బిగువూ ఉండదు. వానాకాలంలో బయటి తేమ సంచిలోకి వస్తుంది, 13 శాతంతో పెట్టిన గింజ 15కి ఎక్కి కూర్చుంటుంది. నేసిన ప్లాస్టిక్ సంచి ఇంకాస్త చవక, పైగా జారుడు, దొంతర ఎత్తు పెడితే కూలుతుంది.

అయినా మోయడం, లెక్కపెట్టడం, అమ్మడం సంచిలో ఉన్నంత తేలికగా మరెక్కడా ఉండదు. రెండు మూడు నెలల్లో వాడేసే సరుకుకు ఇవి చాలు. చెక్కబల్లల మీద, నేల నుంచి జానెడు ఎత్తులో, గోడకు అర మీటరు దూరంగా పేర్చండి. గోడకు ఆనించిన సంచి గోడలోని చెమ్మను పీల్చుకుంటుంది, వెనక ఎలుక గూడు పెట్టినా మీకు కనబడదు. పాత సంచుల్ని తిరగేసి దులిపి, మరిగే నీళ్లలో ముంచి, ఎండలో బాగా ఆరబెట్టాకే మళ్లీ వాడండి. కుట్టుల్లో నిరుటి పురుగులు దాగి ఉంటాయి.

గాలి చొరని సంచులు

1980ల చివర అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కామెరూన్‌లో అలసందలు పుచ్చిపోకుండా ఒక ఉపాయం కనిపెట్టారు. మందపాటి పాలిథిన్ సంచులు రెండు, ఒకదానిలో ఒకటి, వాటి పైన నేసిన సంచి. పిక్స్ సంచులు అనేవి ఇవే. తర్వాత మొక్కజొన్నకూ పనికొస్తాయని తేలింది. గ్రెయిన్‌ప్రో వంటి కంపెనీలు గాలిని అడ్డుకునే ప్రత్యేకమైన పొరతో ఒకే లోపలి సంచి చేస్తాయి. సూత్రం ఒకటే. లోపలున్న పురుగులే ఊపిరి తీసుకుని ప్రాణవాయువును ఖర్చు చేసేస్తాయి. అది 5 శాతం కిందికి దిగాక మేయడం మానేస్తాయి, గుడ్లు పెట్టవు, కొన్నాళ్లకు ఒంట్లో నీరు ఇంకిపోయి చస్తాయి. మందు చుక్క అక్కర్లేదు. పురుగు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది.

నింపే తీరు:

1. లోపలి సంచిలో గాలి నింపి, మూతి పట్టుకుని నొక్కండి. ఎక్కడైనా బుస్సుమంటే దాన్ని పక్కన పెట్టండి.
2. గింజను జల్లించి, బెండు ముక్కలు ఏరేయండి. మొనలు సంచిని గుచ్చుతాయి.
3. కొంచెం కొంచెం పోస్తూ సంచిని కుదపండి. మూతి కట్టడానికి జానెడున్నర సంచి మిగలాలి.
4. పైన చేత్తో అదిమి గాలి తీసేసి, మూతిని బిగుతుగా మెలితిప్పి, మడిచి, కట్టండి. రెండో సంచికీ అంతే, చివరకు పై సంచి.
5. నీడలో, బల్ల మీద ఉంచండి. కనీసం నెల రోజులు విప్పకండి. రెండు మూడు నెలలు ఆగగలిగితే ఇంకా మంచిది.

చాలామంది చేసే తప్పు ఈ అయిదో మెట్టు దగ్గరే. వారానికోసారి విప్పి నాలుగు కిలోలు తీసుకుంటే ప్రతిసారీ పురుగుకు కొత్త ఊపిరి పోసినట్టు. ఒక సంచిని వాడకానికి పెట్టుకుని, మిగతావి ముట్టుకోకండి.

ఈ సంచికి మాయ తెలియదు. ఎంత తేమతో పెడితే అంత తేమతోనే తీస్తారు, ఎందుకంటే నీరు బయటికి పోయే దారి లేదు. 16 శాతం గింజను ఇందులో మూస్తే పులుస్తుంది, మొలక పోతుంది. ఎలుక కొరికినా, మేకు గుచ్చుకున్నా పని చెడినట్టే. ఎలుకలు ఎక్కువున్న ఇంట్లో వీటిని డ్రమ్ములోనో, రేకు పెట్టెలోనో పెట్టాలి.

డ్రమ్ము, రేకు గాదె

200 లీటర్ల డ్రమ్ములో 140 నుంచి 150 కిలోల గింజ పడుతుంది. చిన్న కుటుంబం తిండి గింజలకు ఇంత నమ్మకమైన ఏర్పాటు ఇంకోటి లేదని నాకు అనిపిస్తుంది. ఎలుక రాదు, పురుగు రాదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. రబ్బరు వలయం ఉన్న బిగుతు మూత ఉండాలి. అంచు దాకా నింపండి. సగం డ్రమ్ములో సగం గాలి ఉంటుంది, పురుగు చావడం ఆలస్యమవుతుంది. రసాయనాలు, పురుగుమందులు మోసిన డ్రమ్మును ఎంత కడిగినా తిండికి వాడకండి.

ఇంకా పెద్ద ఎత్తున అయితే రేకు గాదెలు. 1980లలో స్విట్జర్లాండ్ సహాయంతో హోండురాస్‌లో మొదలైన పోస్ట్‌కొసేచా అనే కార్యక్రమం వీటిని మధ్య అమెరికా చిన్న రైతుల ఇళ్లకు చేర్చింది. స్థానిక రేకు పనివాళ్లకే వీటి తయారీ నేర్పడం అందులోని తెలివి. పైన నింపే మూత, కింద తీసుకునే గొట్టం ఉంటాయి. అతుకుల దగ్గర మైనమో, రబ్బరు పట్టీయో పెట్టి మూస్తారు. కొందరు మూసే ముందు గింజ మీద కొవ్వొత్తి వెలిగిస్తారు, లోపలి ప్రాణవాయువు అయిపోతుందని. కొవ్వొత్తి సుమారు 16 శాతం దగ్గరే ఆరిపోతుంది, పురుగు చావాలంటే అంతకన్నా చాలా కిందికి దిగాలి. మిగతా పని చేసేది పురుగులే. దుమ్ము, ఎండు పొట్టు ఉన్న చోట నిప్పు వెలిగించడం నాకైతే నచ్చదు.

రేకుకు శత్రువు ఎండ. పగలు కాగి, రాత్రి చల్లబడితే లోపలి గాలిలోని ఆవిరి పై రేకుకు పట్టి గింజ మీద బొట్లుగా రాలుతుంది. పై పొరలో బూజు పట్టిన రేకు గాదెను చూస్తే ముందు అడగాల్సింది నీడ గురించే. ఇంటి లోపల గానీ, వసారాలో గానీ పెట్టండి. విత్తనానికైతే ఇది మరీ ముఖ్యం.

పాతర, నేల మీద కుప్ప

పాతర కూడా గాలిని మూసే దారే. పొడి నేలలో బాగానే పనిచేస్తుంది గానీ ఒకసారి తెరిస్తే మొత్తం తీసేయాలి, అంచుల్లో కొంత బూజుకు పోతుంది. నీటి మట్టం పైకి వచ్చే నేలలో ఆ ఆలోచనే వద్దు. గదిలో నేల మీద కుప్ప పోయడం నిల్వ అనిపించుకోదు.

అయిదో పని: ఒలవడం, శుభ్రం, మందు

కంకుల్ని సంచిలో వేసి కర్రతో బాదితే పని త్వరగా అవుతుంది, గింజ కూడా విరుగుతుంది. విరిగిన గింజే ఎర్ర పిండి పురుగుకు తలుపు. గట్టి గింజను అది తొలవలేదు, ముక్కల మీదే పెరుగుతుంది. చేతి యంత్రమో, తిప్పే యంత్రమో వాడండి. తూర్పారబట్టి, జల్లెడ పట్టి, ముక్కలు, పొట్టు వేరు చేయండి. నిరుటి గింజ ఒక్క పిడికెడు మిగిలినా దాన్ని కొత్త సరుకుకు దూరంగా ఉంచండి.

బూడిద, ఇసుక, వేపాకు కలపడం కొంత సాయం చేస్తాయి. బూడిదతో ఫలితం రావాలంటే చాలా ఎక్కువ కలపాలి, చిటికెడు చల్లితే పురుగు నవ్వుకుంటుంది. నిల్వ గింజకని అనుమతి ఉన్న పొడి మందు దొరికితే డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి, పొలంలో కొట్టే మందును గింజలో ఎన్నడూ కలపకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని మనుషులు, పశువులు పడుకునే ఇంట్లో వాడకండి. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు గది సందుల్లోంచి పక్క గదికి పోయి నిద్రలోనే చంపుతుంది. అది శిక్షణ పొందినవాళ్లు, వేరే కట్టడంలో చేయాల్సిన పని. గాలి చొరని సంచి ఉన్నవాళ్లకు ఈ బెడదే లేదు.

ఆరో పని: చూస్తూ ఉండండి

గాదె, మామూలు సంచుల్ని రెండు వారాలకోసారి చూడండి. చెయ్యి కుప్పలోకి దూర్చండి, వెచ్చగా తగిలితే లోపల పురుగో బూజో పెరుగుతున్నట్టే. వాసన చూడండి. వంద గింజలు లెక్కపెట్టి ఎన్నిటికి రంధ్రాలున్నాయో రాసుకోండి, వచ్చే పరిశీలనలో పోల్చండి. సంచి కింద తెల్లటి పిండి రాలుతుంటే ఆలస్యం చేయకండి. అదే రోజు జల్లించి, ఎండబెట్టి, వేరే దాంట్లోకి మార్చండి.

మూసిన సంచిని విప్పి చూడక్కర్లేదు. కొన్నాళ్లకు పాలిథిన్ లోపలికి పీక్కుపోయి గింజకు అంటుకుని ఉంటే మూత బిగుతుగా ఉన్నట్టు గుర్తు. పురుగు తక్కువున్న గింజలో ఇంత స్పష్టంగా కనబడకపోవచ్చు.

బూజు గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుకుతూ పోయి వేరుశనగ పిండిలో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కనుక్కున్నారు. అదే విషం మొక్కజొన్నలోనూ పుడుతుంది. 2004లో కెన్యా తూర్పు ప్రాంతంలో ఇళ్లలో తడిగా దాచిన మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. ఉడికించినా, కాల్చినా ఈ విషం పోదు. గింజ పైన బూజు తుడిచేస్తే లోపలిది పోదు. పాడి పశువుకు పెడితే పాలలోకి వస్తుంది. బూజు గింజల్ని "కోళ్లకు వేద్దాంలే" అనే మాట ఇంట్లో వినబడకూడదు.

చివరి పని: సరుకును విడగొట్టడం

అన్నీ ఒకే పద్ధతిలో పెట్టకండి. నేనైతే ఇలా చేస్తాను. కోత తడిగా ఉంటే మొత్తం గాదెలోకి. ఆరాక ఒలిచి, మొదటి రెండు నెలల తిండి, మేత మామూలు సంచుల్లో. మూడో నెల నుంచి వాడేది డ్రమ్ములో. ఆరు నెలల తర్వాత వాడేదీ, ధర కోసం ఆగేదీ గాలి చొరని సంచుల్లో. విత్తనం విడిగా, ఇంకా కొంచెం ఎక్కువ ఎండబెట్టి, ఇంట్లో అన్నింటికన్నా చల్లటి మూలన చిన్న డబ్బాలో. గింజలో తేమ ఒక శాతం తగ్గినప్పుడల్లా విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక పాత లెక్క ఉంది. మరీ తడి విత్తనానికీ, మరీ ఎండిన విత్తనానికీ అది వర్తించదు గానీ మన అవసరానికి సరిపోతుంది.

ప్రతి సంచికీ, డ్రమ్ముకూ ఒక చీటీ కట్టండి. మూసిన తేదీ, ఆ రోజు తేమ, బరువు రాయండి. ఖాళీ అయిన గాలి చొరని సంచిని పారేయకండి, పొట్టు దులిపి, వెలుతురుకు ఎదురుగా పట్టి చిల్లులు చూడండి. లోపలి రెండు సంచుల్లో ఒకదానికే చిల్లు ఉంటే దాన్ని టేపుతో అతికి బయటి పొరగా వాడచ్చు. రెండూ చిల్లుపడితే ఆ సంచి ఇక మామూలు సంచే, రెండు నెలల సరుకుకు దాన్ని పెట్టుకోండి.